కోకోపీట్‌లో నారు పసుపెక్కితే: ఆకు చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

పోయిన చలికాలం మొదట్లో మా బాబాయి కొడుకు ఒక ఫొటో పంపాడు. ఉప్పల్లో వాళ్ళ మిద్దె మీద 98 గదుల ట్రే, అందులో మూడు వారాల టమాటా నారు. ఈనెలు పచ్చగానే ఉన్నాయి కానీ ఈనెల మధ్య జాగా నిమ్మపండు రంగుకి తిరిగింది. "అన్నా, ఇదేం రోగం?" అని కింద ఒక లైను.

నన్ను అడిగేలోపే వాడు ముగ్గుర్ని అడిగేశాడు. నారు అమ్మే ఆయన ఇనుము లోపం అన్నాడట. ఎరువుల షాపాయన మెగ్నీషియం అని చెప్పి ఒక ప్యాకెట్ చేతిలో పెట్టాడట. యూట్యూబ్ వీడియో మాత్రం నీళ్ళు ఎక్కువయ్యాయని తేల్చేసింది. వాడి టెన్షన్ అల్లా ఒకటే: మూడూ నిజమేలా ఉన్నాయి, దేన్ని నమ్మాలి?

ఫొటోలో ఇంకో సంగతి ఉంది, వాడు పట్టించుకోలేదు. ట్రే చివరి రెండు వరసల మొక్కలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. అదే కోకోపీట్, అవే విత్తనాలు, అదే ఎండ. ఆ రెండు వరసల సంగతి తేలాలంటే ముందు కోకోపీట్ అంటే ఏమిటో తెలియాలి.

కోకోపీట్ మట్టి కాదు, ఉత్త దూదీ కాదు

కొబ్బరి డొక్క నుంచి పీచు తీశాక రాలే గోధుమరంగు పొట్టే కోకోపీట్. కోనసీమలో, ఉద్దానంలో, తమిళనాడు పొల్లాచ్చి చుట్టుపక్కల ఒకప్పుడు దీన్ని రోడ్ల పక్కన గుట్టలుగా పోసి వదిలేసేవారు. ఇప్పుడు అదే 5 కిలోల ఇటుకలుగా నొక్కి అమ్ముతున్నారు. నీళ్ళలో వేస్తే ఒక్కో ఇటుక అరవై, డెబ్బై లీటర్ల పొట్టుగా పొంగుతుంది. తన బరువుకి ఏడెనిమిది రెట్ల నీళ్ళు పట్టుకుంటుంది, అయినా లోపల గాలి ఆడుతుంది. నారుకి అంతకన్నా ఏం కావాలి? అందుకే గుంటూరు, ఖమ్మం వైపు మిరప నారు వేసే షేడ్‌నెట్ నర్సరీలు చాలావరకు దీని మీదే నడుస్తున్నాయి.

చిక్కు ఎక్కడంటే, చాలామంది దీన్ని రెండు రకాలుగా పొరబడతారు. కొందరు మట్టి అనుకుంటారు. మట్టిలో కాల్షియం, మెగ్నీషియం, ఇనుము ఎంతో కొంత ముందే ఉంటాయి, రైతు పైన వేసేది వాటికి తోడు మాత్రమే. పొట్టులో ఆ నిల్వ దాదాపు లేదు. ఇంకొందరు దీన్ని ఏ గుణమూ లేని దూది అనుకుంటారు, పోసింది పోసినట్టు వేళ్ళకి అందిస్తుందని నమ్ముతారు. అదీ నిజం కాదు. పొట్టు కొన్ని లవణాల్ని పట్టుకుంటుంది, కొన్నిటిని వదులుతుంది. మీరు పోసే నీళ్ళకీ మొక్క వేళ్ళకీ మధ్య కూర్చున్న దళారీ అనుకోండి. ఆ దళారీ కమిషన్ ఎంతో తెలియకుండా మొక్కకి ఏం అందిందో చెప్పలేం.

మొక్క కన్నా ముందు పొట్టు తింటుంది

పొట్టు రేణువుల ఒంటి నిండా రుణావేశం ఉన్న చోట్లుంటాయి. ధనావేశం ఉన్న కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియం అక్కడ అతుక్కుంటాయి. కొబ్బరి చెట్టుకి పొటాషియం అంటే ప్రాణం, సముద్రపు గాలి తగిలే చోట సోడియం కూడా చేరుతుంది. ఇక డొక్కల్ని ఉప్పునీళ్ళలో నానబెట్టి ఉంటే చెప్పక్కర్లేదు. కాబట్టి కొత్త పొట్టులో ఆ చోట్లలో చాలా భాగం పొటాషియం, సోడియం ఆక్రమించుకుని ఉంటాయి. వీటికి ఒక్కొక్క ఆవేశమే ఉంటుంది, పట్టు తక్కువ. రెండేసి ఆవేశాలున్న కాల్షియం, మెగ్నీషియం నీళ్ళతో వచ్చాయంటే వీటిని పక్కకి నెట్టి కూర్చుంటాయి. మీరు మొక్క కోసం పోసిన కాల్షియం పొట్టుకి పోయింది, మీరు పోయని పొటాషియం మొక్క మీద పడింది.

ఇది ఎంత పెద్ద విషయమో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ట్రేలో ఒక గదికి సుమారు 25 మిల్లీలీటర్ల పొట్టు పడుతుందనుకుందాం. పొట్టు అంటిపెట్టుకునే శక్తి 100 గ్రాములకి 60 మిల్లీఈక్వివలెంట్లు (ఆవేశాల్ని లెక్కపెట్టే కొలత), లీటరు పొడి పొట్టు బరువు 80 గ్రాములు అనుకుంటే, ఆ గదిలో ఉండే చోట్లు 1.2 మిల్లీఈక్వివలెంట్లు. అందులో మూడో వంతుకి కాస్త తక్కువ, 30 శాతం చోట్లలో పొటాషియం, సోడియం ఖాళీ చేసి కాల్షియం కూర్చోవాలంటే దాదాపు 7 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మరి మొక్క మాటేమిటి? మూడు వారాల టమాటా మొక్క ఎండబెడితే 0.2 గ్రాములు తూగిందనుకున్నా, అందులో కాల్షియం 2 శాతం వేసుకున్నా, వచ్చేది 4 మిల్లీగ్రాములు.

అంటే మొక్క తిన్నదానికి దాదాపు రెట్టింపు పొట్టు తినేసింది. ఇవి అంచనా లెక్కలే. పొట్టు పొట్టుకీ అంకెలు మారతాయి, మార్పిడి అంత నిక్కచ్చిగానూ జరగదు. కానీ ఎవరి వాటా పెద్దదో అర్థం కావడానికి ఇది చాలు.

అందుకే పొట్టుని కడగడం వేరు, బఫర్ చెయ్యడం వేరు అంటారు. కడిగితే నీళ్ళలో కరిగి వదులుగా ఉన్న ఉప్పు పోతుంది. రేణువుకి అతుక్కున్న పొటాషియం, సోడియం మామూలు నీళ్ళకి కదలవు. కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెడితేనే అవి ఊడి వస్తాయి, ఆ తర్వాత మళ్ళీ కడగాలి. దీన్నే బఫరింగ్ అంటారు. ఇటుక మీద "వాష్డ్" అని రాసి ఉంటే మొదటి పని మాత్రమే అయిందని అర్థం. ఈ రెండు మాటల తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

పై ఆకా, కింది ఆకా? మొదటి ప్రశ్న ఇదే

మా తమ్ముడి ఫొటో పైనుంచి తీసింది. పసుపు ఏ ఆకుల మీద ఉందో అందులో తెలియదు. వాడికి ఫోన్ చేసి నేను అడిగిన మొదటి మాట అదే. ఎందుకంటే పోషకాల్లో రెండు జాతులున్నాయి.

నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్కలో కదలగలవు. కరువొచ్చినప్పుడు మొక్క ముసలి ఆకుల్లోంచి వీటిని లాక్కుని కొత్త చిగురుకి పంపుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు తాము మానుకుని పిల్లలకి పెట్టినట్టు. కాబట్టి వీటి లోపం కింది ఆకుల్లో మొదలవుతుంది. కాల్షియం, ఇనుము, బోరాన్ అలా కదలలేవు, ఒకసారి చేరిన ఆకులోనే ఉండిపోతాయి. వీటి లోపం చిగుళ్ళలోనే బయటపడుతుంది.

ఇక పసుపు తీరు చూడాలి. కింది ఆకు ఈనెలతో సహా మొత్తం ఒకే లెక్కన పాలిపోతే నత్రజని వైపు చూడాలి. ఈనెలు పచ్చగా ఉండి మధ్య జాగా పాలిపోతే మెగ్నీషియం. అంచులు మాడినట్టు గోధుమరంగుకి తిరిగితే పొటాష్ కావచ్చు, ఉప్పు ఎక్కువైనా అలాగే అవుతుంది. ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా ఉన్నది చిగురాకు అయితే అది ఇనుము. చిగురు వంకరపోయి, కొసలు ఎండి, ఆకు సగంలోనే ఆగిపోతే కాల్షియం.

మెగ్నీషియానికీ ఇనుముకీ బొమ్మ ఒకటే, ఆకు మాత్రం వేరు. నారు అమ్మే ఆయనా షాపాయనా ఒకే ఫొటో చూసి రెండు పేర్లు చెప్పడానికి కారణం ఇదే. తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని చూసి చెప్పాడు: "కిందివే అన్నా. పై రెండాకులు బానే ఉన్నాయి." ఇనుము అక్కడితో తప్పుకుంది.

మధ్యలో ఒక మాట. టమాటా, మిరప నారులో అట్టడుగున ఉండే రెండు సన్నటి ఆకులు బీజదళాలు. వాటి పని విత్తనంలోని తిండిని మొక్కకి అందించడం. మూడు నాలుగు వారాలకి అవి పసుపెక్కి రాలిపోవడం లోపం కాదు, ఉద్యోగం అయిపోయింది అంతే. వాటిని చూసి మందు కొనేవాళ్ళు కొంతమంది ఉన్నారు.

లేకపోవడం వేరు, అందకపోవడం వేరు

సరే, మెగ్నీషియం అని తేలింది. షాపాయన మాట నెగ్గినట్టేనా? సగమే. ఆకు చెప్పేది "నాకు మెగ్నీషియం చేరలేదు" అని. ఎందుకు చేరలేదో ఆకు చెప్పదు. దానికి కనీసం నాలుగు దారులున్నాయి: నీళ్ళలోనూ ఎరువులోనూ అసలు లేకపోవచ్చు. ఉన్నదాన్ని పొట్టు పట్టేసుకుని ఉండొచ్చు. పొట్టులోంచి ఊడిన పొటాషియం ఎక్కువై, వేరు దగ్గర మెగ్నీషియాన్ని తోసేసి ఉండొచ్చు. అసలు వేరు బాగోలేక మొక్క దేన్నీ తీసుకోలేకపోవచ్చు, నీళ్ళు నిలిచి గాలి ఆడనప్పుడు జరిగేది ఇదే. ఆ యూట్యూబ్ వీడియో చెప్పింది ఈ ఆఖరి దారి గురించి.

పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం మూడూ వేరు గుమ్మం దగ్గర పోటీ పడతాయి. ఒకటి గుంపుగా వస్తే మిగతావి బయట నిలబడాల్సిందే. మట్టి లేకుండా మొక్కలు పెంచేవాళ్ళకి పాత ప్రమాణం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హోగ్లాండ్, ఆర్నాన్ 1938లో ప్రచురించిన ద్రావణం. అందులో పొటాషియం సుమారు 235 పీపీఎం (అంటే లీటరుకి మిల్లీగ్రాములు), కాల్షియం 200, మెగ్నీషియం 48. చిన్న నారుకి దీన్ని నాలుగో వంతుకో సగానికో పలచన చేసి వాడతారు. అంకెల కన్నా నిష్పత్తి చూడండి: పొటాషియానికి కాస్త అటూఇటూగా కాల్షియం, వాటిలో నాలుగో వంతో ఐదో వంతో మెగ్నీషియం.

ఇప్పుడు మా తమ్ముడు వేసింది చూద్దాం. లీటరుకి 1 గ్రాము 19:19:19. రైతులు ముద్దుగా "మూడు పంతొమ్మిదులు" అనే ఎరువు. బస్తా మీద 19 శాతం పొటాష్ అని ఉన్నా అది ఆక్సైడ్ లెక్క, అసలు పొటాషియం 15.8 శాతమే. కాబట్టి ఆ నీళ్ళలో నత్రజని 190 పీపీఎం, పొటాషియం 158. కాల్షియం సున్నా, మెగ్నీషియం సున్నా. ఎరువులో తప్పు లేదు, దాన్ని మట్టిలో పెరిగే పంటల మీద చల్లడానికీ డ్రిప్‌లో ఇవ్వడానికీ తయారుచేశారు. మిగతావి మట్టి చూసుకుంటుంది. పొట్టు చూసుకోదు, పైగా పొటాషియాన్ని తనూ కొంత కలుపుతుంది.

మరి ఇదే మూడు పంతొమ్మిదులతో ఊళ్ళలో నర్సరీలు లక్షల మొక్కలు పచ్చగా ఎలా పెంచుతున్నాయి? నేనూ ఇక్కడే చాలాకాలం తికమకపడ్డాను.

జవాబు బోరు నీళ్ళలో ఉంది

దక్కన్ రాళ్ళలోంచి వచ్చే బోరు నీళ్ళు చాలా చోట్ల గట్టివి. గీజర్‌లో తెల్లగా పేరుకునేది, బకెట్ అంచున పొరకట్టేది ఆ గట్టిదనమే. అంటే కాల్షియం, మెగ్నీషియం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం గట్టిదనం లీటరుకి 200 మిల్లీగ్రాములు మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ఒక బోరులో 400 ఉందనుకుందాం, అందులో సగం కాల్షియం వల్ల, సగం మెగ్నీషియం వల్ల. కాల్షియం కార్బొనేట్ లెక్క నుంచి మారిస్తే కాల్షియం 80 పీపీఎం, మెగ్నీషియం సుమారు 48 పీపీఎం వస్తాయి. హోగ్లాండ్ కొలిచి కలిపినంత మెగ్నీషియం మన బోరు పైసా ఖర్చు లేకుండా ఇస్తోంది.

రోజుకి ఒక్కో గదిలో 10 మిల్లీలీటర్ల చొప్పున ఈ నీళ్ళు నిలిస్తే 0.8 మిల్లీగ్రాముల కాల్షియం చేరుతుంది. పైన చెప్పిన 7 మిల్లీగ్రాముల పొట్టు ఆకలి తొమ్మిది రోజుల్లో తీరిపోతుంది. మిరప నారు ట్రేలో ముప్పై అయిదు, నలభై రోజులు ఉంటుంది కదా. నర్సరీ ఆయనకి తెలియకుండానే పొట్టు బఫర్ అయిపోతోంది.

మా తమ్ముణ్ణి ఏ నీళ్ళు పోస్తున్నావని అడిగాను. వాడి గొంతులో కాస్త గర్వం: "ఆర్వో నీళ్ళే అన్నా. మేం తాగేవే పోస్తున్నా."

ఆర్వో యంత్రం కరిగిన లవణాల్లో తొంభై శాతానికి పైగా తీసేస్తుంది. కాల్షియం, మెగ్నీషియం అందులో మొదట పోయేవాటిలో ఉంటాయి. ప్రేమ కొద్దీ పోసిన నీళ్ళే మొక్కల కంచం ఖాళీ చేశాయి. వాననీళ్ళు పట్టి పోసేవాళ్ళకీ ఇదే జరుగుతుంది.

అలాగని బోరు నీళ్ళు అమృతం కాదు. గట్టి నీళ్ళతో పాటు బైకార్బొనేట్లు వస్తాయి. అవి రోజురోజుకీ పొట్టు పీహెచ్‌ని పైకి నెడతాయి. పొట్టు సహజంగా 5.5, 6.5 మధ్య ఉంటుంది, నారుకి అదే హాయి. పాతిక మిల్లీలీటర్ల గదికి తట్టుకునే శక్తి ఎంత? రెండు మూడు వారాల్లో 7.5 దాటిపోవచ్చు. అప్పుడు ఇనుము అక్కడే ఉన్నా కరగని రూపంలోకి మారిపోతుంది, చిగుళ్ళు పాలిపోతాయి. సున్నపు నేలల్లో వేరుశనగ వేసే రైతుకి ఈ పసుపు కొత్త కాదు. అన్నభేదిలో (ఇనుము సల్ఫేట్) నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద చల్లడం అందుకే. నిమ్మ ఉప్పు లేకపోతే అన్నభేదిలోని ఇనుము నీళ్ళలోనే తుప్పుగా మారి అడుగుకి చేరుతుంది. షాపుల్లో దొరికే చిలేటెడ్ ఇనుములోనూ (కరిగే రూపంలో పట్టి ఉంచిన ఇనుము) తేడాలున్నాయి: ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే నిలవదు, ఈడీడీహెచ్ఏ రకం 9 దగ్గర కూడా నిలుస్తుంది. గట్టి నీళ్ళున్న చోట చవకని చూసి మొదటిది కొంటే డబ్బు పొట్టులో పోసినట్టే.

కాబట్టి ఒకే ట్రే, ఒకే పొట్టు, ఒకే ఎరువు. ఆర్వో నీళ్ళు పోస్తే కింది ఆకులు, గట్టి బోరు నీళ్ళు పోస్తే కొన్నాళ్ళకి పై ఆకులు పసుపెక్కే అవకాశం ఉంది. నారు అమ్మే ఆయన ఇనుము అన్నది ఆయన ఊరి నీళ్ళ అనుభవంతో. ఆయన చోట అది సరైన జవాబే.

టీడీఎస్ మీటరు ఏం చూస్తుంది, ఏం చూడలేదు

ఆర్వో రిపేరు అబ్బాయి జేబులో ఉండే పెన్నులాంటి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) మీటరు ఇప్పుడు మిద్దెతోటల్లోకి కూడా వచ్చింది. అది నిజానికి కొలిచేది ఈసీ, అంటే నీళ్ళలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో. దాన్ని ఒక గుణకంతో పీపీఎంగా మార్చి చూపిస్తుంది. గుణకం కంపెనీని బట్టి మారుతుంది. ఒక మీటరు ఈసీ 1ని 500 పీపీఎం అంటుంది, ఇంకోటి 700 అంటుంది. "1000 పీపీఎం ఎరువు ఇవ్వండి" అనే సలహా మొదటి మీటరు మీద ఈసీ 2, రెండో మీటరు మీద 1.4. లేత నారుకి ఈ తేడా చిన్నది కాదు. ఈసీలోనే మాట్లాడుకుంటే ఈ గోల ఉండదు.

పోసే నీళ్ళ ఈసీ ఒకటే చూస్తే సగం కథే తెలుస్తుంది. పొట్టు లోపల ఎంతుందో చూడాలి. నీళ్ళు పోసిన అరగంట, గంట తర్వాత రెండు మూడు గదుల మొక్కల్ని వేళ్ళతో సహా లేపి, పొట్టుని గుప్పిట్లో పిండి, టీ వడకట్టే జల్లెడలోంచి ఆ నీళ్ళు పట్టి మీటరు ముంచితే చాలు. పోసింది 0.8, పిండితే 0.9 వచ్చిందంటే పరవాలేదు. పిండితే 0.4 అయితే మొక్కో పొట్టో తినేస్తోంది, సరిపోవడం లేదు. పిండితే 2.5 వస్తే ఉప్పు పేరుకుంటోంది, లేదా పొట్టు కడగనిది. లేత వేళ్ళకి 2.5 బరువే. అలాంటి చోట ఆకులు ముదురు పచ్చగా మారి, అంచులు మాడి, పొట్టు తడిగా ఉన్నా మధ్యాహ్నం మొక్కలు తలలు వాలుస్తాయి. చూసినవాళ్ళు పొటాష్ లోపమని ఇంకో చెంచా ఎరువు వేస్తారు. మంటలో నెయ్యి.

ఈ మీటరుకి ఒక గుడ్డితనం ఉంది. ఉప్పులన్నీ దానికి ఒకటే. సముద్రపు ఉప్పు వల్ల వచ్చిన 1కీ, కాల్షియం నైట్రేట్ వల్ల వచ్చిన 1కీ తేడా తెలియదు. అంకె బాగుంది కాబట్టి పోషకాలు బాగున్నట్టే అనుకోవడం ఈ మీటరు కొన్న కొత్తలో అందరూ చేసే పొరపాటు.

పోషకాల వేషం వేసుకొచ్చే ఇతర బాధలు

మిరప నారులో ఆకు ముడుచుకుంటే ఇప్పుడు చాలామంది నోట మొదట వచ్చే మాట కాల్షియం. కానీ రైతుల దగ్గర ఇంతకన్నా పాత, ఇంతకన్నా పదునైన మాటలున్నాయి: పై ముడత, కింది ముడత. అంచులు పైకి లేచి పడవలా అయితే తామర పురుగు, కిందికి తిరిగి బోర్లించిన పడవలా అయితే నల్లి. కాల్షియం లోపంలో ఇంత చక్కటి పడవ రాదు, చిగురు గిడసబారి కొస ఎండుతుంది. 2021లో గుంటూరు, ఖమ్మం మిరప తోటల్ని కొత్తరకం తామర పురుగు ముంచేశాక రైతులు ఈ తేడాని భూతద్దంతో చూడటం నేర్చుకున్నారు. ఆకు తిరగేసి తెల్లకాగితం మీద తడితే పురుగులు కదులుతూ కనిపిస్తాయి. ఆ కాగితం పరీక్షకి రూపాయి ఖర్చు లేదు.

చలి ఇంకో మోసగాడు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మిద్దె మీద టమాటా ఆకుల అడుగు ఊదారంగుకి తిరుగుతుంది. పుస్తకం తీస్తే భాస్వరం లోపం అని ఉంటుంది. పొట్టు చల్లబడితే వేరు భాస్వరాన్ని సరిగ్గా లాక్కోలేదు, నాలుగు రోజులు ఎండ కాస్తే దానంతటదే సర్దుకుంటుంది.

కాల్షియం విషయంలో గాలి కూడా ఒక పాత్రధారి. కాల్షియం నీళ్ళ ప్రవాహంతో పాటే పైకి వెళ్తుంది. ఆకు నుంచి తేమ ఆరితేనే ఆ ప్రవాహం నడుస్తుంది. మొలకెత్తడానికి ట్రేల మీద కప్పిన ప్లాస్టిక్ షీటు తీయడం ఆలస్యమైనా, ముసురు పట్టిన వారంలో నారు ఒత్తుగా ఉన్నా, పొట్టులో కావలసినంత కాల్షియం ఉండి కూడా చిగురుకి చేరదు. అక్కడ కావలసింది ఎరువు కాదు, గాలి.

నిపుణులు ఎక్కడ విడిపోతారు

ముందే బఫర్ చెయ్యాలా? గ్రీన్‌హౌస్‌లో క్యాప్సికం, స్ట్రాబెరీ వేసేవాళ్ళు తప్పనిసరి అంటారు. వాళ్ళ పంట నెలల తరబడి ఆ పొట్టులోనే ఉంటుంది, మొదటి వారాల దెబ్బ కాపు మీద కనిపిస్తుంది. నారు నర్సరీ వాళ్ళు అది దండగ అంటారు. నెలకో ట్రే మారుతుంది, బోరు నీళ్ళు ఆ పని చేసిపెడుతున్నాయి. ఇద్దరి మాటా వాళ్ళ వాళ్ళ నీళ్ళకి నిజం. ఆర్వో, వాననీళ్ళ లాంటి పలచటి నీళ్ళు వాడే మిద్దెతోట వాళ్ళే ఎటూ కాకుండా మధ్యలో ఇరుక్కుంటారు.

సేంద్రియం వైపు వాళ్ళ వాదన వేరు. పచ్చి పొట్టులో కర్బనం నత్రజనికి వంద రెట్ల పైమాటే, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మొక్క నత్రజనిని కూడా లాక్కుంటాయి, కాబట్టి ముందు పొట్టుని మగ్గబెట్టాలి అంటారు. ఇందులో బలం ఉంది. కాయిర్ బోర్డు ప్రచారం చేసే పిత్‌ప్లస్ పద్ధతిలో ఒక పుట్టగొడుగు శిలీంధ్రంతో ఈ నిష్పత్తిని 24 దగ్గరికి దించుతారు. బెంగళూరులోని ఐఐహెచ్ఆర్ సంస్థ కూడా అర్క ఫర్మెంటెడ్ కోకోపీట్ అని పులియబెట్టిన పొట్టుని తెచ్చింది. వర్మికంపోస్ట్ కొంత కలిపితే కాల్షియం, మెగ్నీషియం కూడా వస్తాయి. ఎదుటివాళ్ళ అభ్యంతరం: వర్మికంపోస్ట్ బస్తా బస్తాకీ మారుతుంది, ఈసీ ఎంతో తెలియదు, 98 గదుల్లో ఒకేలా పడదు. నా మటుకు నేను మిద్దె మీది పది ట్రేలకి సేంద్రియమే సుఖం అంటాను. పదివేల ట్రేలకి అలా అనే ధైర్యం నాకు లేదు.

ఇంటర్నెట్‌లో కోకో గురించి దొరికే సలహాల్లో మంచి వాటా అమెరికా, కెనడాల్లో గదుల్లో లైట్ల కింద గంజాయి పెంచేవాళ్ళది. కెనడా 2018లో దాన్ని చట్టబద్ధం చేసింది. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి సాగు నేరం, కాబట్టి మనవాళ్ళు ఆ సలహాల్ని టమాటాకి వాడతారు. రసాయనం విషయంలో వాళ్ళు చెప్పేది సరైనదే, పొట్టు మొక్క పేరు అడగదు. "కాల్‌మ్యాగ్" అనే సీసా వాళ్ళ చేతుల్లోనే ఇంత పేరు తెచ్చుకుంది. కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం, కాస్త ఇనుము కలిపిన ద్రావణం అది. కానీ వాళ్ళ గదిలో ఉష్ణోగ్రత, తేమ, నీళ్ళు అన్నీ అదుపులో ఉంటాయి, చాలామంది ఆర్వో నీళ్ళతోనే మొదలెడతారు. గట్టిదనం 400 ఉన్న బోరు నీళ్ళలో ఆ సీసా పోస్తే ఉన్నదాని మీద ఇంకా పోసినట్టు.

ఆ చివరి రెండు వరసలు

తమ్ముడి దగ్గరికి వద్దాం. ఆర్వో నీళ్ళు, మూడు పంతొమ్మిదులు, కడిగారు తప్ప బఫర్ చెయ్యని పొట్టు, కింది ఆకుల్లో ఈనెల మధ్య పసుపు. ఇక్కడికి బొమ్మ కుదిరింది. అయినా ఒక్క అనుమానం మిగిలింది: చివరి రెండు వరసలు ఎందుకు బాగున్నాయి?

మామూలుగా అయితే ఇలాంటి చోట ఒక వరసకి పలచటి ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్), ఒక వరసకి ఇనుము, ఒక వరసకి ఉత్త నీళ్ళు చల్లి వారం ఆగి చూస్తారు. ఏ వరస తేరుకుంటే అదే జవాబు. ఆ పరీక్ష అక్కడ ముందే జరిగిపోయింది. ఫోన్ పిన్నికి ఇమ్మన్నాను. "ఆ చివర తులసికోట పక్కనే కదరా," అంది పిన్ని. "పొద్దున్నే కోట కడిగేటప్పుడు పైపు నీళ్ళు కాసిని వాటి మీదా పోస్తున్నా. వీడికి చెప్తే తిడతాడని చెప్పలేదు."

పైపు అంటే బోరు.

మిగతా వరసలకి కూడా బోరు నీళ్ళు సగం, ఆర్వో సగం కలిపి పొయ్యమన్నాను. సగమే ఎందుకంటే వాళ్ళ బోరు టీడీఎస్ 900, మొత్తం అదే పోస్తే రెండు వారాల తర్వాత ఇనుము గురించి ఫోన్ వస్తుంది. మూడు పంతొమ్మిదులు సగానికి తగ్గించి, రోజు విడిచి రోజు లీటరుకి అర గ్రాము కాల్షియం నైట్రేట్ విడిగా పొయ్యమన్నాను. దాంట్లోంచి 95 పీపీఎం కాల్షియం, 78 పీపీఎం నత్రజని వస్తాయి. రెండు ఎరువుల్నీ చిక్కగా ఒకే డబ్బాలో కలిపితే కాల్షియం, భాస్వరం కలిసి తెల్లగా విరిగిపోతాయి, అందుకే విడిగా.

తొమ్మిదో రోజున ఇంకో ఫొటో వచ్చింది. ఈసారి పక్కనుంచి తీశాడు. కొత్తగా వచ్చిన ఆకులు పచ్చగా, గట్టిగా ఉన్నాయి. కింది ఆకులు అలాగే పసుపుగా ఉన్నాయి, వాటిలో కొన్ని రాలాయి కూడా. "ఇవి తేరుకోలేదేం అన్నా?" అని మళ్ళీ లైను. పోయినవాటిని వదిలెయ్, చిగురు చూసుకో అన్నాను. వాడు ట్రేని కుండీల్లోకి మార్చే రోజున పిన్ని తులసికోట పక్కన వరసల్లోంచి నాలుగు మొక్కలు తనకని ముందే తీసి పెట్టుకుందట.